వినియోగదారుల తరఫున వాదించేవారికీ ఖర్చులివ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు,

ఏటా నవంబరు నెలాఖరుకు విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) మీ ముందు వార్షిక ఆదాయ అవసరాల (ఏఆర్‌ఆర్) ప్రతిపాదనలు పెడతాయి. మీరు అభ్యంతరాలు పిలిచి, బహిరంగ విచారణ జరిపి టారిఫ్ ఉత్తర్వులిస్తారు. ఆ విచారణకు డిస్కంల తరఫున ఇంజినీర్లు, ఆర్థిక విభాగం అధికారులు, న్యాయవాదులు వస్తారు. వాళ్ల జీతాలు, ఫీజులు, మీకు కట్టే దరఖాస్తు రుసుముతో సహా డిస్కం ఖర్చుల పద్దులో చేరి, టారిఫ్ రూపంలో మా బిల్లుల్లోకే వస్తాయి. చార్జీలు పెంచమని వాదించడానికయ్యే ఖర్చు ఆ విధంగా వినియోగదారుడే కడుతున్నాడు. పెంచవద్దని వాదించేవారు మాత్రం తమ జేబులోంచి పెట్టుకోవాలి. రైతు సంఘాల నాయకులు, రిటైరైన ఇంజినీర్లు, పాత్రికేయులు కొద్దిమంది ఏళ్ల తరబడి ఈ భారం మోస్తున్నారు. చట్టం ప్రకారం జరిగే విచారణలో సగభాగం వాళ్ల ఓపిక మీద నడవడం అన్యాయం.

టారిఫ్‌లో సింహభాగం విద్యుత్ కొనుగోలు ఖర్చే. అక్కడి లెక్క తేల్చాలంటే విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు (పీపీఏలు) చదవాలి, ప్లాంట్ల స్థిర చార్జీలు, అంచనాకూ అసలు ఖర్చుకూ మధ్య తేడాను సర్దే ట్రూఅప్ పట్టికలు విడదీసి చూడాలి. భారత సౌర విద్యుత్ సంస్థ (సెకీ) ద్వారా 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తు యూనిట్ రూ.2.49 చొప్పున కొనడానికి 2021లో కుదిరిన ఒప్పందాన్నే తీసుకోండి. ఏటా సుమారు 1,700 కోట్ల యూనిట్లు, 25 ఏళ్లు. ధరలో ఒక్క పైసా తేడా వస్తే ఏడాదికి రూ.17 కోట్లు, గడువు మొత్తానికి రూ.425 కోట్లు. ఇంత పెద్ద లెక్కను పరిశీలించే పని ఎవరో సాయంత్రం పూట, సెలవు రోజుల్లో చేసుకోవాలా? ప్రభుత్వమే మా పక్షాన ఉంటుందనుకుందామంటే, డిస్కంల యజమాని ప్రభుత్వమే. మీ సిబ్బంది పరిశీలన ఎంత నిశితమైనదైనా, మీరు తీర్పరులు. ఒక పక్షం తరఫున వాదించలేరు.

చట్టం ఈ లోటును ముందే ఊహించింది. వినియోగదారుల ప్రయోజనాల తరఫున వాదించడానికి ఎవరినైనా అధీకృతం చేసే అధికారం 2003 విద్యుత్ చట్టం 94(3) సెక్షన్ మీకిచ్చింది. మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ అధికారంతోనే ప్రయాస్, ముంబయి గ్రాహక్ పంచాయత్ వంటి సంస్థలకు ప్రతినిధులుగా గుర్తింపునిచ్చింది. పారితోషికం గురించి ఆ సెక్షన్ ఏమీ చెప్పలేదన్నది నిజమే, ఇవ్వకూడదని కూడా అనలేదు. నిబంధనలు చేసుకోవడానికి 181వ సెక్షన్, మీ విధుల ఖర్చుకు 103వ సెక్షన్ కింది నిధి ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా 1984లోనే ఇలా ఖర్చులివ్వడానికి చట్టం చేసింది. కెనడాలోని ఒంటారియో ఇంధన బోర్డుకూ 1998 చట్టం కింద ఖర్చులిప్పించే అధికారముంది.

డబ్బిస్తే అభ్యంతరాలే వృత్తిగా పెట్టుకునేవాళ్లు పుట్టుకొస్తారన్న భయం కొట్టిపారేయదగింది కాదు. కాలిఫోర్నియా పద్ధతిలోనే దానికి జవాబుంది. అక్కడ హాజరైనందుకు డబ్బులివ్వరు. సొంతంగా ఖర్చు భరించడం తమకు కష్టమని చూపించాలి. తుది ఉత్తర్వు వచ్చాక, తమ వాదన ఆ నిర్ణయానికి గణనీయంగా తోడ్పడిందని, ఎన్ని గంటలు పనిచేశారో లెక్కలతో సహా నిరూపించాలి. ఒకరు చెప్పిందే మరొకరు చెప్తే కోత పడుతుంది. పనికిమాలిన అభ్యంతరం వేసినవాడికి దీనిలో దక్కేదేమీ లేదు. ఆ మొత్తం కూడా బిల్లుల్లోకే వస్తుంది కదా అంటే, వస్తుంది. వేల కోట్ల ఏఆర్‌ఆర్‌లో అది యూనిట్‌కు లెక్కకు రానంత చిన్న మొత్తం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరో అభ్యంతరం: మండలి దగ్గర డబ్బు తీసుకున్నవారు మండలిని విమర్శించగలరా? ఇష్టమైనవారికి ఇచ్చే అవకాశం ఉంటే ఆ ప్రమాదం నిజం. అందుకే అర్హత, గంటకు రేటు, గడువు ముందే నిబంధనల్లో రాసి, ఇచ్చినా నిరాకరించినా కారణాలతో ఉత్తర్వు వెలువరించాలి. మీ తుది తీర్పుపై అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లినవారికి ఆ కారణంతో చెల్లింపు ఆపకూడదు.

వచ్చే నవంబరులో డిస్కంల ప్రతిపాదనలు అందేలోపే ముసాయిదా నిబంధనలను తెలుగులోనూ ప్రచురించి, వాటి మీద బహిరంగ విచారణ జరపమని కోరుతున్నాను. ముందుగా టారిఫ్, ట్రూఅప్, పీపీఏ విచారణలకు వర్తింపజేస్తే చాలు. న్యాయవాది ఫీజుతో పాటు, మండలి కార్యాలయమున్న కర్నూలుకు రాను పోను ఖర్చులు, పత్రాల నకళ్లు, నిపుణుడి చేత లెక్క వేయించడానికయ్యే ఖర్చు కూడా అందులో ఉండాలి.

ఇట్లు,
ఒక విద్యుత్ వినియోగదారు