పగటి కరెంటు కోసం సంగనకల్లు రైతుల వినతిపత్రం

జిల్లాలోని విద్యుత్, వ్యవసాయ, నీటిపారుదల అధికారులకు సంగనకల్లు రైతులు చేసుకుంటున్న విన్నపం.

విషయం: మోటార్లకు పగటిపూట త్రీఫేస్ కరెంటు, కొత్త బోర్లకు ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు, మరికొన్ని.

అయ్యా,

కన్నడ ప్రతి దీనికి జతగా ఉంది. ఈ తెలుగు ప్రతిని రచ్చకట్ట మీద చదివి వినిపించి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం. మాట ఎక్కడైనా కటువుగా ఉంటే అది అక్కడ కలిసిందే. పూర్వాపరాలు తమకు తెలుసు. తెలియకపోతే మా పాత అర్జీల్లో ఉన్నాయి. వాటి నకళ్లు కూడా మళ్లీ పెట్టాం, పాత కాగితాలు దొరకలేదన్న మాట ఈసారి వినకూడదని.

పది హార్స్‌పవర్ లోపు మోటార్లకు కరెంటు ఉచితం, రోజుకు ఏడు గంటలు అన్నది ప్రభుత్వం మాట. 2023 కరువులో ఆ ఏడు ఐదయ్యాయి. వరి ఎండుతోందని గోల చేస్తే నవంబరులో మన జిల్లాకు మళ్లీ ఏడు అన్నారు. లెక్క సరే, ఆ గంటలు ఏ వేళ? అర్ధరాత్రి త్రీఫేస్ వస్తుంది. టార్చి పట్టుకుని, పాముల భయంతో, మిరప చేలో నీళ్లు కట్టాలి. మడవ తిప్పేలోగా కరెంటు పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో లైన్‌మ్యానుకే తెలియదు. బిల్లు లేని కరెంటే, కాదనం. నిద్ర, మోటారు వైండింగ్ మా ఖాతాలో పోతున్నాయి.

కుడితిని థర్మల్ కేంద్రం మన జిల్లాలోనే ఉంది. 500, 500, 700 చొప్పున మూడు యూనిట్లు, 1,700 మెగావాట్లు. తుంగభద్ర డ్యాము, హంపి పవర్‌హౌస్‌ల 72 మెగావాట్లలో ఐదింట నాలుగు పాళ్లు ఆంధ్రాకు పోతాయి. దాని మీద మాకు అసూయ లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రాకూ మాకూ మధ్య గీత గీసినా అవతల ఉన్నది మా వియ్యంకులే. ఇంత కరెంటు చుట్టూ పుడుతుంటే మా బోరుకు పగలు ఏడు గంటలు ఎందుకు రాదో ఒక్కరైనా కాగితం మీద చెప్పాలి కదా. అడిగాం. మళ్లీ అడిగాం. రసీదు ముద్రలున్నాయి, జవాబు లేదు.

బోర్ల మీద ఇంత ఎందుకు పడ్డామంటారా? డ్యాములో 133 టీఎంసీలు పట్టే చోట పూడిక చేరి 105కు వచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయింది. 33 గేట్లూ మార్చాలని 2025లో నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపారు. రెండో పంటకు నీళ్లు లేవన్నారు. గేట్లు మార్చవలసిందే, తప్పు పట్టడం లేదు. కాలువ ఆగిన ఏడాదైనా కరెంటు పగలు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

పైగా 2023 సెప్టెంబరులో కొత్త బోరుకు స్తంభాలు, తీగ, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ రైతే పెట్టుకోవాలన్నారు. లైనుకు 500 మీటర్లు దాటితే సోలార్ పంపు పెట్టుకోమంటారు. సబ్సిడీ ఉంది, మంచిదే. మా వాటా ముందు కట్టడానికి పంట చేతికి రావాలి, పంటకు నీళ్లు కావాలి. గనుల దెబ్బ తిన్న ఊళ్ల కోసమే 2015 గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. రైతు వాటా అందులోంచి ఇప్పించండి. ఫీడరుకే సోలార్ పెడితే ఇంకా మేలు, ఎండ పగలే కాస్తుంది కాబట్టి కరెంటూ పగలే వస్తుంది.

మిగతావి క్లుప్తంగా. 2010 నాటి ఉక్కు కార్ఖానాల మాట నమ్మి కుడితిని వైపు రైతులు ఇచ్చిన భూముల సంగతి తేల్చండి, వాళ్లు 2022 డిసెంబరులో ధర్నాకు కూర్చున్నారు.

మా కొండల మీద కంకర కోసం రాయి కొట్టనివ్వకండి. నాలుగు వేల ఏళ్ల కిందట రాతి గొడ్డళ్లు చేసి ఊళ్లకు పంపిన కార్ఖానా అది. పరిశ్రమలంటే మాకు పడదని ఎవరైనా అంటే ఆ కొండ చూపించండి.

ఊరి రోడ్డు గురించి ఈసారి రాయడం లేదు, విసుగొచ్చింది.

పగలు ఏ గంట నుంచి ఏ గంట వరకు త్రీఫేస్ ఇస్తారో వేళలు రాసి, సంతకం చేసి, పంచాయతీ గోడకు అంటించండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమనే రాయండి, మిరప నారు పోయాలా వద్దా అన్నది దాన్ని బట్టి తేల్చుకుంటాం.

ఇట్లు,
తమ విధేయులు,
సంగనకల్లు రైతులు