సిర్కా సీసా: వంటింటి లోపలా వెలుపలా

మన ఇళ్లలో సిర్కా సీసా కొనేది ఎప్పుడో ఒకసారి. ఊరగాయకో, పిల్లలు అడిగిన నూడుల్స్‌కో, కబాబుల పక్కన పెట్టే ఉల్లిపాయ ముక్కలకో రెండు చెంచాలు వాడిన తర్వాత అది అలమారలో నూనె డబ్బాల వెనుకకు చేరుతుంది. మళ్లీ చేతికి వచ్చేసరికి మూత బిగుసుకుపోయి ఉంటుంది. ఈ నెల ఆ సీసాను ముందుకు తీసి, దానితో ఇంట్లో ఏయే పనులు జరుగుతాయో, ఏవి జరగవో, ఏవి చేయనే కూడదో పాఠక సోదరీమణులకు వివరించాలని అనుకుంటున్నాము.

సిర్కాకు మన సంప్రదాయంలో గౌరవస్థానం ఉంది. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో కనిపిస్తుంది. దైవప్రవక్త (స) ఒకసారి రొట్టెతో తినడానికి ఏముందని ఇంటివారిని అడిగారు. సిర్కా తప్ప మరేమీ లేదని వారు చెప్పారు. ఆయన దానినే తెప్పించుకుని, మెచ్చుకుంటూ భుజించారు. అరబీలోని ‘ఇదామ్’ అనే మాటకు మన తెలుగులో ‘నంజుకునేది’ అన్న మాట చక్కగా సరిపోతుంది. అయితే ఈ హదీసును చూపి సిర్కాను సర్వరోగ నివారిణిగా అమ్మేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. హదీసులో ఉన్నది భోజనం మాట, ఉన్నదానితో తృప్తి పడే మాట. నీళ్లు కలపకుండా రోజూ తాగితే పంటి పైపొర అరుగుతుంది, గొంతు మండుతుంది. వైద్యులు రాసిన చక్కెర వ్యాధి మాత్రలు మానివేసి సిర్కా తాగడం మరీ ప్రమాదం. అందుచేత ఔషధ గుణాల జోలికి పోకుండా ఇంటి పనులకే పరిమితమవుతున్నాము.

మొదట సీసా మీది అక్షరాలు చదవాలి. సిర్కాలోని పులుపు ఎసిటిక్ ఆమ్లానిది. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం 100 మిల్లీలీటర్లలో అది కనీసం 3.75 గ్రాములు ఉండాలి. పులియబెట్టి చేసినది ఒక రకం, ఎసిటిక్ ఆమ్లాన్ని నీటిలో కలిపి చేసినది రెండో రకం. రెండో దాని మీద సింథటిక్ అని స్పష్టంగా రాసి ఉంటుంది. ఇంటి పనులకు ఈ తెల్లని, చవకైన సిర్కా చాలు. రంగు కలిపినది గుడ్డల మీద కొత్త మరక పెడుతుంది.

పులియబెట్టిన సిర్కా గురించి తరచుగా వచ్చే సందేహం ఒకటుంది. తీపి రసం ముందు మద్యంగా మారి, ఆ తర్వాతే గాలి తగిలి, సూక్ష్మజీవుల వల్ల సిర్కా అవుతుంది. ఈ రెండో మార్పు జీవులు చేసే పని అని లూయీ పాశ్చర్ వివరంగా రాసిన గ్రంథం 1868లో వెలువడింది. మరి మధ్యలో మద్యం అయిన వస్తువు హలాలేనా? మద్యం దానంతట అదే మారి సిర్కా అయితే ధర్మసమ్మతమేనని పండితులందరూ అంగీకరించారు. మనిషి పూనుకుని మార్చిన విషయంలో మాత్రం భేదాభిప్రాయం ఉంది: హనఫీ పండితులు సమ్మతించారు, షాఫయీ, హంబలీ పండితులు సమ్మతించలేదు. తాటికల్లు నిలవ ఉంటే పుల్లబడడం మన గోదావరి జిల్లాల్లో అందరూ ఎరిగినదే. కోనసీమలో కొబ్బరి ఎండబెట్టే కళ్లాల దగ్గర కాయ కొట్టగానే నేలపాలయ్యే కొబ్బరినీటికి కొంత పంచదార చేర్చి, ఇదే పద్ధతిలో సిర్కా చేయవచ్చు. ఆ నీరంతా కాలువల పాలు కావడం చూస్తే మాకు బాధ కలుగుతుంది.

ఇక పనుల విషయం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత డెల్టాకు కాలువ నీరు సమృద్ధిగా అందింది, అది తియ్యని నీరు. కాని సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, కుళాయి నీరు చేరని పేటల్లో బోరు నీరే దిక్కు. ఆ నీటిలోని సున్నపు లవణాలు కెటిల్ అడుగున, కుళాయి మూతిన, షవర్ రంధ్రాల్లో తెల్లని పెచ్చులుగా పేరుకుంటాయి. ఎంత తోమినా అవి పోవు, గీతలు మాత్రం పడతాయి. సగం సిర్కా, సగం నీరు కలిపి కెటిల్‌లో పోసి, గోరువెచ్చగా చేసి, అరగంట వదిలేయండి. చిన్న చిన్న బుడగలు లేస్తూ పెచ్చు కరిగిపోతుంది. తర్వాత రెండుసార్లు కడిగి, ఒకసారి మంచినీరు మరిగించి పారబోస్తే వాసన ఉండదు. కుళాయికైతే తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచితే చాలు. మసీదు వుజూఖానాలో నీరు సన్నగా వస్తోందని కొత్త కుళాయిల కోసం చందా వేసే ముందు, పాత కుళాయిల జల్లెడలు విప్పి ఒకసారి సిర్కాలో వేసి చూడమని మా సలహా.

ప్రెషర్ కుక్కర్ లోపల నల్లబడినా ఇదే మందు. నిజానికి ఇది మన పెద్దలకు కొత్త కాదు. కుక్కర్ నీటిలో చింతపండు రెబ్బో, పిండేసిన నిమ్మ చెక్కో వేసే అలవాటు దీని కోసమే. అయితే అల్యూమినియం పాత్రలో పులుపు గంటల తరబడి ఉంచకూడదు.

మాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది పసుపు మరక. పండుగ నాడు తెల్లని కుర్తా మీద దాల్చా ఒలుకుతుంది. కంగారుగా సబ్బు రాయగానే పచ్చని మరక కాస్తా ఎర్రగా మారుతుంది. సబ్బులో ఏదో లోపం ఉందని, బట్ట పాడైందని అనుకుంటారు. లోపం ఏమీ లేదు. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. బడిలో పసుపు కాగితంతో పిల్లలు చేసే ప్రయోగం ఇదే. కాబట్టి ఎర్రబడిన చోట నాలుగు చుక్కల సిర్కా వేస్తే ఎరుపు పోతుంది. పసుపు మాత్రం పోదు! సిర్కా పసుపును తీస్తుందని చెప్పేవారిని నమ్మవద్దు. దానిని తీసేది ఎండ. మామూలుగా ఉతికి, మరక పైకి వచ్చేటట్లు తడిగానే ఎండలో ఆరవేయండి. ఒక ఎండకు పోకపోతే మళ్లీ తడిపి రెండో ఎండకు వేయండి. ముసురు పట్టిన రోజుల్లో తొందరపడి రకరకాల పొడులు రుద్దే కంటే ఎండ కోసం ఆగడమే మేలు.

గుడ్డల మాట వచ్చింది కాబట్టి తహారత్ విషయం కూడా చెప్పాలి. బట్టకు అపరిశుద్ధత అంటితే నీటితోనే కడగాలని చాలామంది పండితుల అభిప్రాయం. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్ (రహిమహుముల్లాహ్) అభిప్రాయం ప్రకారం అపరిశుద్ధతను తొలగించగల ఇతర పరిశుద్ధ ద్రవాలు కూడా ఆ పనికి చెల్లుతాయి. అందుకు వారి గ్రంథాల్లో ఇచ్చే ఉదాహరణలు సిర్కా, పన్నీరు. వుజూకు, గుస్ల్‌కు మాత్రం సిర్కా పనికిరాదు. బోరు కొట్టగానే నీరొచ్చే మన ఇళ్లలో ఈ అవసరం రాదు గాని, వంటింటి వస్తువు ఫిఖ్‌హ్ గ్రంథంలోకి ఎక్కిన సంగతి తెలుసుకోదగినది.

గోదావరికి ఎర్రనీరు రాగానే పులస కోసం ఎదురుచూసే ఊళ్లు మనవి. వండుకున్న ఆనందం ఒక పూట, కత్తిపీటకూ చేతులకూ పట్టిన నీచు వాసన రెండు రోజులు. చేప వాసనకు కారణమైన పదార్థాలు క్షార స్వభావం గలవి. సిర్కా తగిలితే అవి గాలిలోకి లేవలేని లవణాలుగా మారతాయి. అందుకే సబ్బుతో పోని వాసన చెంచాడు సిర్కాతో తగ్గుతుంది. చేప ముక్కలను చింతపండు నీళ్లతో కడగడంలోని కిటుకు కూడా ఇదే. కత్తిపీట ఇనుపది కాబట్టి సిర్కాతో తుడిచిన వెంటనే నీటితో కడిగి, పొడిగా తుడిచి, నూనె చేయి రాయాలి, లేకుంటే తుప్పు పడుతుంది. బక్రీద్ తర్వాత ఫ్రిజ్‌లో మిగిలే మాంసపు వాసనకు కూడా, ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత సగానికి సగం నీరు కలిపిన సిర్కాతో తుడిచి, తలుపు కాసేపు తెరిచి ఉంచండి. వాసన పోతుంది. సిర్కా క్రిములన్నిటినీ చంపుతుందని మాత్రం అనుకోవద్దు. పచ్చి మాంసం కోసిన పీటకు సబ్బు, వేడినీరు తప్పనిసరి.

పెరవలి మండలంలోని అజ్జరం ఇత్తడి సామానుకు పేరుపొందిన గ్రామం. నానీల కాలపు బిందెలు, పాందాన్లు అటక మీద నల్లబడి ఉంటే, సిర్కాలో ఉప్పు, కొంచెం గోధుమపిండి కలిపి ముద్దగా చేసి రుద్దండి, మెరుస్తాయి. కాని న్యాయంగా చెప్పాలంటే ఈ పనిలో చింతపండే మేటి. పులుసు పిండగా మిగిలిన పిప్పి ఉచితం కూడా. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు పదార్థం నిల్వ ఉంచకూడదని పెద్దలు చెప్పినది అక్షరసత్యం. లోహం అందులో కరుగుతుంది. కళాయి వేసేవాడి కేక వీధుల్లో వినబడడం మానేసిన ఈ రోజుల్లో అది మరీ గుర్తుంచుకోవాలి.

వంటసోడా మీద సిర్కా పోస్తే బుస్సుమని పొంగే నురగను చూసి చాలామంది మురిసిపోతారు. ఆ రెండూ ఒకదాని బలాన్ని మరొకటి చంపుకుంటాయి, మిగిలేది ఇంచుమించు ఉప్పునీరు. విడివిడిగా వాడితేనే ప్రయోజనం.

ఇప్పుడు చేయకూడని పనులు. వంటగట్టుకూ నేలకూ మన ఇళ్లలో కడప బండ, తాండూరు బండ విరివిగా పరుస్తారు. ఇవి రెండూ సున్నపురాళ్లే. పాలరాయి కూడా సున్నపు జాతిదే, మొజాయిక్ నేలలోనూ ఆ ముక్కలే ఉంటాయి. కెటిల్‌లోని పెచ్చును కరిగించిన సిర్కా వీటినీ అలాగే కరిగిస్తుంది. నునుపు పోయి తెల్లని మచ్చ పడితే తిరిగి పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న ముత్యాల హారానికి అయితే ఒక్క చుక్క కూడా తగలనివ్వకండి, ముత్యమూ సున్నపు పదార్థమే. నమ్మకం కుదరకపోతే పిల్లలను కూర్చోబెట్టి ఒక కోడిగుడ్డును గాజుగ్లాసు సిర్కాలో వేసి చూపండి. ఒకటి రెండు రోజుల్లో పెంకు మాయమై పొరతో మెత్తని గుడ్డు మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక బ్లీచింగ్ గురించి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటి పారినప్పుడు కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అటువంటి వరద తీసిన తర్వాత ఇంటింటికీ బ్లీచింగ్ పౌడర్ చేరుతుంది, అది అవసరం కూడా. వరద బురదలోని రోగక్రిములకు అదే తగిన మందు, సిర్కా కాదు. అయితే ఇల్లు తొందరగా బాగుపడాలని ఒక ఇల్లాలు బ్లీచింగ్ చల్లిన నేల మీదే సిర్కా పోసిందనుకోండి. వెంటనే క్లోరిన్ వాయువు పుడుతుంది. కళ్లు మండుతాయి, దగ్గు తెరలు వస్తాయి, ఊపిరి అందదు. కిటికీ లేని స్నానపు గదిలో అయితే ప్రాణం మీదికి వస్తుంది. బాత్‌రూం కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ కలిపినా ఇదే జరుగుతుంది, ఇంకా తీవ్రంగా. ఘాటు తగిలిన వెంటనే చేతిలోని పని వదిలేసి ఆరుబయటికి రావాలి. కళ్లు మంచినీటితో చాలాసేపు కడగాలి. ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆస్తమా ఉన్నవారు, కడుపుతో ఉన్నవారు బ్లీచింగ్ పని ఇతరులకు అప్పగించడం మంచిది.

ఆ యాసిడ్ సీసాల విషయంలో మరో మాట. లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు 2013లో యాసిడ్ చిల్లర అమ్మకాలకు కఠిన షరతులు విధించింది. స్త్రీల ముఖాల మీద యాసిడ్ పోసే దుర్మార్గమే అందుకు కారణం. కుళాయి మచ్చలకూ, సింకు పెచ్చులకూ సిర్కా చాలుతున్నప్పుడు, పిల్లలు తిరిగే ఇంట్లో ఆ సీసాను ఉంచవలసిన పని ఏముందో ఆలోచించండి. అరగంట ఎక్కువ పడుతుంది, అంతే.

సిర్కాను కూల్‌డ్రింకు సీసాల్లోకి మార్చవద్దు. తెల్లని సిర్కా చూడడానికి నీటిలాగే ఉంటుంది. రంజాన్‌లో మగ్రిబ్ అజాన్ వినగానే చేతికందిన సీసా ఎత్తేవారుంటారు. కొన్న సీసాలోనే, దాని చీటీతోనే, గట్టి మూతతో, నూనె డబ్బాల వెనుక కాక పిల్లలకు అందని పై అరలో ఉంచండి. ఇంటి పనులకు నీరు కలిపి ఉంచుకున్న స్ప్రే డబ్బా మీద తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో ‘సిర్కా’ అని రాసి, ‘బ్లీచింగ్‌తో కలపరాదు’ అని కింద చేర్చండి.