జబ్బు సెలవు రోజున లాగిన్ వద్దు

చంద్రగిరి, తిరుపతి చుట్టుపక్కల ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్నవారికి, వారి అమ్మానాన్నలకు, వారితో పని చేయించుకుంటున్న మేనేజర్లకు విన్నపం.

2020 లాక్‌డౌన్‌కు బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చినవాళ్లలో కొందరు మళ్లీ వెళ్లనే లేదు. అద్దె మిగిలింది, అమ్మ చేతి సంగటి దొరికింది. మంచిదే. కానీ ఒక పాత హక్కు చప్పుడు లేకుండా జారిపోయింది. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో జ్వరమొస్తే ఒక మెసేజ్ పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్లం. ఇప్పుడు "ఇంట్లోనే ఉన్నావు కదా, ఆ ఒక్క కాల్ చూడు" అంటారు. ఆ ఒక్క కాల్ సాయంత్రం దాకా సాగుతుంది. సెలవూ పోతుంది, పనీ తప్పదు.

ఈ సెలవు ఎవరో దయతో ఇచ్చింది కాదు. 1988 నాటి మన ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం జబ్బు కోసం ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో సెలవు ఇమ్మంది. క్యాజువల్ సెలవులు వేరే. కంపెనీ చెన్నైలోనో బెంగళూరులోనో ఉందనుకున్నా, తమిళనాడు 1947 చట్టంలోనూ, కర్ణాటక 1961 చట్టంలోనూ జబ్బుకు వాడుకునే సెలవు 12 రోజులే. నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ బీమా ఉంది. జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం భృతి ఇస్తుంది. పని చేసిన రోజుకు మాత్రం ఆ భృతి రాదు. మొహమాటానికి లాగిన్ అయితే చేజేతులా చిక్కు తెచ్చుకున్నట్టే. ఉద్యోగులుగా లెక్కలోకి రాకుండా ఫైలుకింత అని పని చేసేవాళ్లకు ఈ సెలవూ లేదు, భృతీ లేదు. వాళ్ల సంగతి ఇంకా అధ్వాన్నం.

వానాకాలంలో డెంగీ సంగతి చూడండి. మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. "తగ్గిందిగా, కూర్చుంటా" అని ల్యాప్‌టాప్ తెరిచేది అప్పుడే. డాక్టర్లు భయపడేదీ అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం మొదలయ్యేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సిన వేళ అది. గదిలో కషాయం తాగుతూ మీటింగ్‌లో ఉన్న కొడుకును చూసి మురిసిపోకండమ్మా.

ఇంటి నుంచి పనికి మేం వ్యతిరేకులం కాదు. కాలికి కట్టు పడినవారు, అమ్మవారు పోసి ఒళ్లు తేలికపడినా పొక్కులు ఎండక బయటికి రాలేనివారు పని చేస్తామంటే చేయనివ్వాలి. అయితే ఆ మాట అనాల్సింది జబ్బుపడిన మనిషి, మేనేజర్ కాదు. చేసిన రోజును పనిదినంగానే రాయాలి, సెలవులోంచి కోయకూడదు. సగం రోజు చేస్తే సగం సెలవే పోవాలి.

కంపెనీలకు ఇది కష్టమేమీ కాదు. సెలవు మంజూరు కాగానే ఆ రోజుకు లాగిన్ మూసేయండి. సెలవులో ఉన్న మనిషి పని ఎవరు చూస్తారో టీమ్‌కు ముందే చెప్పండి. ఒక్క మనిషి మంచాన పడితే ఆగిపోయే ప్రాజెక్టు ఉందంటే తప్పు ఆ మనిషిది కాదు, మనుషులను చాలినంతమందిని పెట్టనివాళ్లది.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం, పెద్ద ఎత్తున తెస్తామన్నారు. ఆయన పుట్టిన నారావారిపల్లె మన మండలమే కాబట్టి చనువుగా అడుగుతున్నాం: కంపెనీలకు రాయితీలు ఇచ్చే ఉత్తర్వుల్లోనే జబ్బు సెలవు రోజున పని చేయించకూడదన్న షరతు రాయించండి. పని వేళలు దాటాక వచ్చే ఫోన్లకు బదులివ్వకుండా ఉండే హక్కును ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో చట్టంగా అమలులోకి తెచ్చింది. మనం అడుగుతున్నది అంతకన్నా చిన్నది.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి జ్వరమొస్తే ఫోన్‌లో నోటిమాటగా కాక మెయిల్‌లోనే రాయండి: "ఈరోజు జబ్బు సెలవు. కాల్స్‌కు, మెసేజ్‌లకు అందుబాటులో ఉండను." కాపీ దాచుకోండి. పక్కింట్లో ఇలాగే ఇంటి నుంచి పని చేసే అమ్మాయికీ ఈ కాగితం ఇవ్వండి.

— చంద్రగిరిలో ఇంటి నుంచి పని చేస్తున్న కొందరు ఉద్యోగులు