పాటా? సంపుటమా?

రాక్ సంగీత బృందానికి ప్రజాదరణను తెచ్చిపెట్టేది జనుల నాలుకలపై నాట్యమాడే ఒక్క పాటా? లేక ఆసాంతం వినదగిన పాటల సంపుటమా? సంగీతప్రియుల మధ్య ఈ చర్చ చిరకాలంగా సాగుతున్నది.

దీనికి మూలం రికార్డుల స్వరూపంలోనే ఉంది. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ లాంగ్ ప్లే రికార్డును ప్రవేశపెట్టింది. దాని ఒక్కొక్క వైపున ఇరవై నిమిషాలకు పైగా సంగీతం ఇమిడేది. మరుసటి సంవత్సరం ఆర్.సి.ఏ. విక్టర్ సంస్థ చిన్న రికార్డును తెచ్చింది. అందులో సాధారణంగా వైపుకొక పాట మాత్రమే ఉండేది. పెద్ద రికార్డు ‘ఆల్బమ్’కూ, చిన్న రికార్డు ‘సింగిల్’కూ నెలవులయ్యాయి. సింగిల్ వెల తక్కువ. రేడియోలో వినిపించడానికి అనువైనది.

సింగిల్ శక్తిని లోకానికి చాటినవారు లివర్‌పూల్ నగరానికి చెందిన బీటిల్స్. 1964 ఏప్రిల్ 4వ తేదీ నాటి అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి అయిదు స్థానాలూ వారి పాటలవే. ఆ బృందమే 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఆల్బమ్‌ను వెలువరించినప్పుడు అందులోని ఏ పాటనూ సింగిల్‌గా విడుదల చేయలేదు. అయినా రాక్ సంగీతానికి కళాగౌరవాన్ని సంపాదించిన కృతులలో అది అగ్రగణ్యమైనది.

లెడ్ జెప్లిన్ బృందం మరింత ముందుకు వెళ్ళింది. 1971లో వచ్చిన వారి నాల్గవ ఆల్బమ్‌లోని ‘స్టెయిర్‌వే టు హెవెన్’ ఎనిమిది నిమిషాల గీతం. దానిని కుదించి సింగిల్‌గా అమ్మడానికి వారు సమ్మతించలేదు. ఆ పాట కావలసినవారు ఆల్బమ్‌నే కొనవలసి వచ్చింది.

అంతమాత్రాన సింగిల్‌ను చులకన చేయరాదు. 1973లో విడుదలైన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ బిల్‌బోర్డ్ పట్టికలో 700 వారాలకు పైగా నిలిచింది. కాని అమెరికా శ్రోతలను దాని వైపు ఆకర్షించినవాటిలో ‘మనీ’ అనే సింగిల్ ఒకటి. బీటిల్స్‌కు సైతం ప్రయోగాలు చేసే స్వేచ్ఛను సమకూర్చినది వారి తొలి సింగిళ్ళ విజయమే.

కనుక పాట పిలుపు వంటిది. సంపుటం విందు వంటిది. పిలుపు లేనిదే అతిథి రాడు. విందు రుచించనిదే మరలి రాడు. నేడు శ్రోత చరవాణిలో పాట నచ్చకుంటే క్షణాలలో దాటవేయగలడు. పిలుపులకు కొదవ లేని ఈ కాలంలో ఓపికతో కూర్చుని విందును ఆస్వాదించే శ్రోతలు కరువైతే, అటువంటి సంపుటాలను కూర్చే కళాకారులూ కరువవుతారు. బృందానికి పేరు తెచ్చేది పాటే కావచ్చు. ఆ పేరును తరతరాలకు నిలిపేది మాత్రం సంపుటమే.