ఏ రబ్బరు?

మన డిజైన్ క్లాసుల్లో గాస్కెట్‌కి దక్కే మర్యాద డ్రాయింగ్‌లో ఒక సన్న గీత. పక్కన 'మెటీరియల్: రబ్బరు' అని రాస్తే మార్కులు పడిపోతాయి. నన్నడిగితే అలా రాసినవాళ్లకి సగం కోసేయాలి. ఎందుకో చెప్పడానికి పడవలో ఉండే రా వాటర్ స్ట్రైనర్ ఒక్కటి చాలు.

సముద్రపు నీటితో ఇంజన్‌ని చల్లబరిచే పడవల్లో, అడుగునున్న వాల్వ్‌కీ నీళ్ల పంపుకీ మధ్య ఈ స్ట్రైనర్ ఉంటుంది. నాచు, ప్లాస్టిక్ ముక్కలు, గవ్వలు లోపలి జల్లెడలో ఆగుతాయి. జల్లెడ కడగాలంటే మూత తీయాలి. ఆ మూత కిందే గాస్కెట్. ఇది పంపు పీల్చే వైపు ఉంది కాబట్టి, గాస్కెట్ పాడైతే నీళ్లు బయటికి కారకుండా గాలే లోపలికి పోవచ్చు. చుక్క కూడా కారట్లేదని నిశ్చింతగా ఉంటాం. ఈలోగా పంపుకి నీళ్లు అందక దాని రబ్బరు ఇంపెల్లర్ పొడిగా తిరిగి చిరుగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఒడ్డు కనపడని చోట అది చిన్న విషయమా? స్ట్రైనర్ నీటిమట్టానికి కిందుంటే ఇంకో బెడద. ఇంజన్ ఆపాక వాల్వ్ కట్టకపోతే అదే సందులోంచి సముద్రం లోపలికొస్తుంది.

పుస్తకం చూస్తే జవాబు ఈపీడీఎం. ఉప్పునీటికీ, ఎండకీ, ఓజోన్‌కీ బాగా తట్టుకుంటుంది. కానీ దానికి నూనె పడదు. డీజిల్, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బుతుంది. దానికి తగిలేది ఉప్పునీరే కదా అంటారా? మరి మూత తీసే చెయ్యి ఎవరిది? అప్పుడే డీజిల్ ఫిల్టర్ మార్చి, అలవాటుగా కాస్త గ్రీజు రాసి బిగించేవాళ్లది. అందుకే విశాఖ, కాకినాడల్లో వేటకెళ్లే పడవకైతే నా ఓటు నైట్రైల్‌కే. ఎండా, ఓజోనూ దానికి పడవు, నిజమే. కానీ ఇంజన్ గదిలో, మూత కింద దాని మీద ఎండెక్కడ పడుతుంది? సిలికాన్ గ్రీజు తప్ప వేరే వాడమనే షికారు పడవలవాళ్లు ఈపీడీఎం వేసుకోవచ్చు. మధ్యేమార్గం నియోప్రీన్. వైటాన్ మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

పాత లారీ ట్యూబ్ కత్తిరించి వేస్తే మనవాళ్లు నవ్వుతారు. నవ్వక్కర్లేదు. ట్యూబులు చాలావరకు బ్యూటైల్ రబ్బరు, గాలిని ఆపడమే దాని పని. లోటల్లా పల్చగా ఉండటం, నూనె పడకపోవడం.

అసలు మనం పూర్తిగా వదిలేసేది గట్టిదనం. చేత్తో తిప్పే రెక్కల నట్లకి షోర్ ఏ 50-60 మెత్తదనం సరిపోతుంది. 80 వేస్తే చేతి బిగింపుకి నొక్కుకోదు. అప్పుడు స్పానర్ బయటికొస్తుంది, అద్దంలాంటి ప్లాస్టిక్ మూత పగులుతుంది.

కార్క్ జోలికి వెళ్లొద్దు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ ఎండల్లో ఖాళీగా ఉన్న స్ట్రైనర్‌లో కార్క్ ఎండి కుంచించుకుపోతుంది. రబ్బరైనా అన్నాళ్లు నొక్కుకునే ఉంటే ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. కాబట్టి గాస్కెట్ మార్చాల్సింది జూన్‌లో, పడవ నీళ్లలోకి దిగే ముందు. అప్పుడే ఇంకో ముక్క కోసి స్ట్రైనర్ పక్కన తగిలించుకుంటే మరీ మంచిది.