దాఖలు ఖర్చు ప్రజా ఖజానాదే: తణుకు నుంచి ఒక ప్రణాళిక

తణుకు న్యాయస్థానాల పరిధిలోని కక్షిదారులు, న్యాయవాదులు, వారి గుమస్తాలు కలిసి వెలువరిస్తున్న ఈ ప్రణాళిక ఒకే ప్రశ్నకు సంబంధించినది: ఎలక్ట్రానిక్ దాఖలుకు అయ్యే ఖర్చును ఎవరు భరించాలి? ఎలక్ట్రానిక్ దాఖలు అంటే దావా అర్జీని, వకాలతును, అఫిడవిట్‌ను, జతపరిచే దస్తావేజులను స్కాన్ చేసి న్యాయస్థానపు పోర్టల్‌కు ఎక్కించి, కోర్టు రుసుమును సైతం అక్కడే చెల్లించడం. ఈ పద్ధతిని బృందం మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నది. అమరావతిలోని హైకోర్టులో రిట్టు వేయడానికి తణుకు న్యాయవాది ప్రయాణం కట్టనక్కరలేకపోవడం, వాయిదా తేదీ కక్షిదారుకు ఫోనులోనే తెలియడం చిన్న మేలు కాదు. ఆ మేలు దక్కడానికి పేదవాడు కొత్తగా చెల్లించవలసి రావడమే బృందానికి సమ్మతం కానిది.

న్యాయస్థానాల కంప్యూటరీకరణకు మార్గం చూపేందుకు 2004లో ఈ-కమిటీ ఏర్పడింది. ఈ-కోర్టుల పథకం తొలి దశలో 639.41 కోట్ల రూపాయలు ఖర్చు కాగా, రెండవ దశకు 1,670 కోట్లు కేటాయించారు. 2023 సెప్టెంబరు 13న కేంద్ర మంత్రివర్గం నాలుగేళ్ల మూడవ దశకు 7,210 కోట్లు మంజూరు చేసింది. అందులో పాత రికార్డుల స్కానింగు, డిజిటలీకరణ, భద్రతల పద్దు 2,038.40 కోట్లు, ఈ-ఫైలింగు పద్దు 215.97 కోట్లు, కంప్యూటరు లేని కక్షిదారుకు సాయపడే ఈ-సేవా కేంద్రాల పద్దు 394.48 కోట్లు. ఇది ప్రజాధనం, మంచి పనికే వెచ్చిస్తున్న ధనం. అయితే ఈ లెక్క కోర్టు ప్రహరీ దగ్గర ఆగిపోతున్నది. ప్రహరీకి ఇవతల, జిరాక్స్ దుకాణంలోను, డీటీపీ సెంటరులోను కక్షిదారు చెల్లిస్తున్న సొమ్ము ఏ పద్దులోను కనబడదు. వ్యవస్థ వ్యయాన్ని అంచనా కట్టేటప్పుడు ఈ రెండవ సొమ్మును కూడా కలపాలని, కలపని పక్షంలో కోర్టు ఆదా చేసినట్లు కనబడేదంతా కక్షిదారు జేబు నుంచి వచ్చినదే కావచ్చునని బృందం నమ్ముతున్నది.

డెల్టా సివిల్ కోర్టుల్లో తరచుగా కనబడే ప్రామిసరీ నోటు దావానే పరిశీలించవచ్చు. అప్పు తీసుకున్నవాడు అడిగినప్పుడు తీర్చుతానని రెవెన్యూ స్టాంపుపై సంతకం చేసి ఇచ్చే పత్రం ప్రామిసరీ నోటు. దానిపై వసూలు దావాకు కాలపరిమితి సాధారణంగా మూడేళ్లు. ఇరగవరంలోనో అత్తిలిలోనో కౌలు రైతుకు పెట్టుబడికి ఇచ్చిన చిన్న మొత్తం గురించి వేసే దావాలో కూడా అర్జీ టైపు చేయించడం, నోటును స్కాన్ చేయించడం, అక్షరాలు వెతకడానికి వీలయ్యే పీడీఎఫ్‌గా మార్చించడం, సంతకపు ఏర్పాటు, అభ్యంతరాలతో అర్జీ రిటర్న్ అయితే అదంతా మళ్లీ చేయించి రీ-ప్రెజెంట్ చేయడం తప్పవు. ఆ తర్వాత కూడా అసలు నోటును చేత్తో కోర్టుకు అందజేయవలసిందే, ఎందుకంటే సంతకం తనది కాదని ప్రతివాది వాదిస్తే న్యాయమూర్తి చూడవలసింది ఆ కాగితాన్నే గాని దాని బొమ్మను కాదు.

ఈ ఖర్చుకు ఉన్న అసలు దోషం దాని పరిమాణంలో కంటే స్వభావంలో ఉన్నది. 1956 నాటి ఆంధ్రప్రదేశ్ కోర్టు రుసుముల, దావాల విలువ నిర్ధారణ చట్టం ప్రకారం డబ్బు దావాకు రుసుము దావా విలువను బట్టి పెరుగుతుంది, కనుక చిన్న దావాదారుపై భారం చిన్నదిగానే ఉంటుంది. స్కానింగు ఖర్చుకు అలాంటి నిష్పత్తి లేదు. అది పుటల సంఖ్యను బట్టి పెరుగుతుంది. ఉమ్మడి స్వాధీనంలో ఉన్న ఆస్తిని పంచమని కోరే భాగపరిష్కార దావాకు అదే చట్టం స్వల్పమైన స్థిర రుసుముతో సరిపెట్టింది. కాని తాతల నాటి చేతిరాత దస్తావేజులు, అడంగళ్లు, ఈసీలు, మడతల దగ్గర చిరిగిన వీలునామాలు కుప్పపడేది అటువంటి దావాలోనే. శాసనసభ దయతలచిన చోటనే పోర్టల్ భారం మోపుతున్నది. చట్టసభ ఆమోదం లేకుండా ఒక రుసుము ఇలా దొడ్డిదారిన ఏర్పడడం అన్యాయమని బృందం ప్రకటిస్తున్నది.

అందువల్ల తొలి సూత్రం ఇది: న్యాయస్థానం ఒక రూపంలో పత్రాన్ని కోరినప్పుడు, ఆ రూపంలోకి మార్చే ఖర్చు న్యాయస్థానానిదే. 2016లో అనితా కుష్వాహా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం న్యాయాన్ని పొందడం ప్రాథమిక హక్కేనని తీర్పునిస్తూ, తీర్పు చెప్పే యంత్రాంగం ఉండడం, అది అందుబాటు దూరంలో ఉండడం, విచారణ త్వరగా సాగడం, ఖర్చు భరించగలిగినదిగా ఉండడం అనే నాలుగు అంగాలను ఆ హక్కుకు గుర్తించింది. పోర్టల్ దూరాన్ని తగ్గించి ఖర్చును పెంచితే ఒక అంగాన్ని బలపరచి మరొకదాన్ని విరిచినట్లే. రుసుము చెల్లించలేని నిరుపేదలకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డరు ఇచ్చిన మినహాయింపు, 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షను స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఇచ్చిన ఉచిత సహాయ హక్కు స్కానింగుకు, టైపింగుకు, డిజిటల్ సంతకానికి కూడా వర్తించాలి.

ఇతర దేశాల అనుభవం ఈ సూత్రాన్ని బలపరుస్తున్నది. అమెరికా ఫెడరల్ న్యాయస్థానాల రికార్డులను చూపే పేసర్ అనే వ్యవస్థ పుటకు 10 సెంట్లు వసూలు చేస్తున్నది. ఆ వసూలు వ్యవస్థ నడపడానికి అవసరమైన దానికి మించి ఉన్నదని 2016లో మూడు లాభాపేక్ష లేని సంస్థలు దావా వేయగా, అది 12.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసి 2024లో కోర్టు ఆమోదం పొందింది. అక్కడి రాష్ట్రాల్లో ఒకటైన టెక్సాస్, దాఖలు చేసిన ప్రతిసారీ వసూలు చేసే పద్ధతిని వదిలి, కేసు మొదట్లో ఒక్కసారి తీసుకునే రుసుముకు 2013 చట్టంతో మారింది. ఈ-కోర్టుల సాఫ్ట్‌వేర్‌ను నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ ద్వారా, ఎవరి లైసెన్సుకూ కట్టుబడని ఓపెన్ సోర్సు పునాదిపై నిర్మించుకున్న మన దేశం ఈ విషయంలో మెరుగైన దారినే ఎంచుకున్నది. ఆ దారిని విడవకూడదు. దాఖలు ద్వారాన్ని పుటకింత చొప్పున వసూలు చేసే ప్రైవేటు సంస్థకు ఎన్నడూ అప్పగించకూడదు.

రెండవ సూత్రం జంట దాఖలుకు సంబంధించినది. పోర్టల్‌లో సమర్పించిన తర్వాత అదే అర్జీని, అవే జతపత్రాలను కాగితంపై మళ్లీ కోరడం కక్షిదారు చేత రెండుసార్లు ఖర్చు పెట్టించడమే. సంతకం, స్టాంపు, వేలిముద్ర వివాదాస్పదం కాగల అసలు పత్రాలను మాత్రమే చేత్తో స్వీకరించి, మిగిలినవాటికి కాగితపు ప్రతి కావాలంటే కోర్టు తన ఖర్చుతోనే ముద్రించుకోవాలి.

కాలపరిమితి విషయంలో బృందం ఏమాత్రం రాజీపడదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 4వ సెక్షను ప్రకారం గడువు ముగిసే రోజున కోర్టు మూసి ఉంటే, తిరిగి తెరిచిన రోజున దావా వేయవచ్చు. అదే చట్టం 5వ సెక్షను ఆలస్యాన్ని మన్నించేది అప్పీళ్లకు, దరఖాస్తులకు మాత్రమే. దావాకు ఆ మన్నింపు లేదు. మధ్యవర్తుల ద్వారా రాబట్టుకోవచ్చునన్న ఆశతో చివరి రోజు దాకా ఆగడం గ్రామాల్లో సహజం. ఆ సాయంత్రం సర్వరు నిలిచిపోతే అప్పు మొత్తమే పోతుంది, ఇంతకంటే పెద్ద దాఖలు ఖర్చు మరొకటి ఉండదు. కరోనా కాలంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని సుప్రీంకోర్టు కాలపరిమితి లెక్క నుంచి మినహాయించింది కనుక, పరిస్థితిని బట్టి న్యాయం చేయడం సాధ్యమేనని రుజువైంది. పోర్టల్ పనిచేయని రోజును కోర్టు మూసిన రోజుగా పరిగణించే నిబంధన రావాలి. అది వచ్చేదాకా కాగితపు కౌంటరు తెరిచే ఉండాలి.

సాయం చేసే మనిషి లేని ఈ-సేవా కేంద్రం గదిగానే మిగులుతుంది. ప్రతి కోర్టు సముదాయంలో తెలుగులో మాట్లాడి, తెలుగు అర్జీని తెలుగులోనే స్వీకరించి, ఉచితంగా స్కాన్ చేసి ఎక్కించే సిబ్బంది ఉండాలి. ఆ కొలువుల్లో దశాబ్దాలుగా ఇదే పని చేతితో చేసిన న్యాయవాది గుమస్తాలకు శిక్షణ ఇచ్చి తొలి అవకాశం కల్పించాలి. చూపు లేనివారు, అంగవైకల్యం గలవారు తమంతట తాము దాఖలు చేయగలిగేలా పోర్టల్ ఉండాలి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది.

తణుకు న్యాయస్థానాల్లో వేసే ఒక సామాన్య దావాకు స్కానింగుకు, టైపింగుకు, సంతకానికి, రిటర్నులకు ఎంత ఖర్చవుతున్నదో బిల్లులతో సహా ప్రతి న్యాయవాది, ప్రతి గుమస్తా వచ్చే సంవత్సరమంతా రాసి ఉంచాలని, ఆ లెక్కను హైకోర్టు కంప్యూటర్ కమిటీ ముందు ఉంచడానికి సహకరించాలని ఈ బృందం కోరుతున్నది.