బొమ్మ మనదే, గొంతు ఎవరిది?

మన వాడల పిల్లలు సినిమాలు తీస్తున్నారు. చందాలు పోగుచేసి, కెమెరా అద్దెకు తెచ్చి, కూలి పైసలు కూడా పెట్టి తీస్తున్నారు. సంతోషం. కానీ వాటిలో ఎన్ని మళ్ళీ మన వాడకొచ్చి తెర మీద ఆడుతున్నాయి? కొబ్బరికాయ కొట్టకుండా అంబేద్కర్ ఫోటోకు దండ వేసి మొదలుపెడతారు. ఇరవై రోజుల్లో ఉన్న డబ్బంతా అయిపోతుంది. ఆ తర్వాత హార్డ్ డిస్కు బీరువాలో పడుకుంటుంది. ఏమైందని అడిగితే, "పోస్ట్ ప్రొడక్షన్ మిగిలింది అన్నా" అంటారు. ఏడాది ఆగి అడిగినా అదే మాట.

ఆ 'మిగిలింది' అనే మాట దగ్గరే మా పేచీ. గోడలు లేపి స్లాబు వెయ్యని ఇల్లు ఎట్లాంటిదో మనకు ఒకరు చెప్పాలా? మన కాలనీల్లో అట్లాంటివి ఎన్ని చూడలేదు! మాట సరిచేసి, చప్పుళ్ళు పేర్చి, సంగీతం కలిపి, అన్నిటినీ తూకం వేసి మిక్సింగ్ చేస్తేనే సినిమా. అంతవరకూ అది బొమ్మల మూట.

మేం చెప్పదల్చుకున్నది ఒక్కటే. శబ్దానికి డబ్బూ, మనిషీ ముందు కుదరకుండా కెమెరా ముట్టుకోవద్దు. ఎందుకంటే మన గొంతు పరాయి చేతిలోకి పోయేది షూటింగులో కాదు, ఆ తర్వాత.

మొహం ఒకరిది, మాట ఒకరిది

తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆ రోజుల్లో తెర మీద కనిపించేవాళ్ళే కెమెరా ముందు మాట్లాడాలి, వాళ్ళే పాడాలి. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది, డబ్బింగ్ వచ్చింది. గరగర చప్పుడు చేసే కెమెరాలతో బయట తియ్యడం అలవాటయ్యాక, షూటింగులో పట్టిన మాటను గుర్తు కోసం మాత్రమే ఉంచుకున్నారు. దాని పేరు పైలట్ ట్రాక్. అసలు మాట స్టూడియోలో మళ్ళీ చెప్పించారు. 2001లో 'లగాన్' సినిమాను షూటింగులో పట్టిన మాటతోనే, అంటే సింక్ సౌండ్‌తో తీస్తే అదొక విశేషంగా చెప్పుకున్నారు. మాట అంతకాలం నటుడి నోటికి దూరమైపోయింది.

కారణం యంత్రానిదే కావచ్చు. కానీ మొహం నుంచి గొంతు విడిపోయాక, ఆ ఖాళీలో ఎవరి గొంతు పెట్టాలో తేల్చే అధికారం ఎవడి చేతికి పోయింది? హీరోకు కృష్ణా, గుంటూరు పెద్దిళ్ళ తెలుగు పెట్టారు. తెలంగాణ మాట రౌడీకీ, నవ్వించేవాడికీ ఇచ్చారు. సీమ మాటకు కత్తి తగిలించారు. ఉత్తరాంధ్ర మాటను పనివాళ్ళకు పడేశారు. వాడ మాటకైతే అసలు చోటే లేదు. ఇదంతా ఊరికే జరిగిందా?

కాదని తేల్చింది జనమే. తెలంగాణ కోసం జనం కొట్లాడాక అక్కడి మాట హీరో నోటికీ ఎక్కింది. 2023లో 'బలగం' సినిమాను ఊళ్ళల్లో తెరలు కట్టుకుని చూశారు. ఆ సినిమా చివర పాడింది బుడగ జంగాల కళాకారులు. జనం కన్నీళ్ళు పెట్టుకున్నది ఆ గొంతు విని. దాన్ని ఇంకొకరి చేత పాడించి ఉంటే ఆ ఏడుపు వచ్చేదా?

'శుభ్రం' అనే మాట మనకు కొత్తా?

మన పిల్లలు చివరికి అప్పు చేసి పట్నంలో స్టూడియోకు పోతారు. అక్కడ మొదట వినపడే మాట 'క్లీన్ చెయ్యాలి'. మాట శుభ్రంగా లేదు, ఉచ్చారణ శుభ్రంగా లేదు, వెనక చప్పుళ్ళు ఎక్కువున్నాయి, డబ్బింగ్ ఆర్టిస్టును పిలుద్దాం అంటారు. అవ్వ మాట్లాడిన చోట ఇరవై ఏళ్ళ ఆర్టిస్టు వణుకుతూ మాట్లాడుతుంది. తోలు కుట్టే పెద్దాయన నోట పుస్తకం తెలుగు వస్తుంది. మనల్ని శుభ్రం చేస్తామన్నవాళ్ళను మనం తరతరాలుగా చూస్తూనే ఉన్నాం కదా!

గాలి హోరు తియ్యాలి, మైకు కరకర తియ్యాలి. దానికి మేం అడ్డం చెప్పం. కానీ ఏది చెత్త, ఏది మాట అన్నది ఎవరు చెప్పాలి? ఇప్పుడు మీట నొక్కితే నాయిస్ తీసేసే యంత్రాలు వచ్చాయి. వాటిలో చాలావాటికి తెలిసింది ఒక్కటే, మనిషి మాట ఉంచడం, తక్కినదంతా తీసెయ్యడం. దూరాన మోగే డప్పు, పక్కింటి పిల్ల ఏడుపు, పందుల అరుపు, రోకటి పోటు అన్నీ దాని లెక్కలో చెత్తే. అవన్నీ తీసేశాక వాడ ఎక్కడుంది? ఆ మాట ఏ ఊళ్ళోనైనా మాట్లాడొచ్చు, ఏ ఊళ్ళోనూ లేనట్టుంటుంది.

డప్పు సంగతి మరీ ఘోరం. డప్పు దెబ్బ ఒక్కసారిగా లేస్తుంది. రికార్డర్‌ను ఆటో లెవెల్‌లో వదిలేస్తే దెబ్బ పడగానే అది శబ్దాన్ని తొక్కేస్తుంది, ఆ వెంటనే వచ్చే మనిషి మాట కూడా అణిగిపోతుంది. దగ్గర మైకు పెడితే దెబ్బ పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్ని తర్వాత ఎంత డబ్బు పోసినా అతికించలేం. అప్పుడు స్టూడియోలో ఏం చేస్తారు? కంప్యూటర్లో ఉన్న ఏదో డోలు చప్పుడు తెచ్చి అంటిస్తారు. చావుకు కొట్టే దరువు వేరు, పెళ్ళికి కొట్టే దరువు వేరు, చాటింపు దరువు వేరు. పెళ్ళి ఊరేగింపులో చావు దరువు వినపడితే పట్నం ప్రేక్షకుడికి తెలియదేమో, మన జనం మాత్రం తెర ముందే నవ్వుతారు. మన కథ మీద మనవాళ్ళే నవ్వేటట్టు చేసుకోవడం కాదా ఇది?

అందుకే ముందే చెయ్యాల్సిన పని ఉంది. ఆటో లెవెల్ తీసెయ్యండి. డప్పు దగ్గర మైకును దూరం జరపండి, లెవెల్ తగ్గించి పెట్టండి. సెగ చూపించినప్పుడు డప్పు పలికే తీరు వేరు, చల్లారాక పలికే తీరు వేరు. ఒక షాటు వేడి మీద, ఇంకో షాటు చల్లారాక తీసి రెండూ అతికిస్తే చెవి పట్టేస్తుంది. సెగ చూపించిన వెంటనే దరువు మొత్తం ఒక్క ఊపున, కెమెరా లేకుండా, విడిగా పట్టి ఉంచండి. ఆ ఒక్క ట్రాక్ తర్వాత మీ సినిమాను కాపాడుతుంది.

'కథ ఉంటే చాలు' అనేవాళ్ళకు

కొందరు మిత్రులు అంటున్నారు: "మనది ఉద్యమ సినిమా. కథలో నిప్పుంటే చాలు, సౌండ్ గీండ్ ఎవడు చూస్తాడు?" ఈ మాట మనకు మేలు చేసేది కాదు. బొమ్మ మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు. మాట అర్థం కాకపోతే లేచిపోతారు. చిందు భాగోతం, బుర్రకథ తెల్లవార్లూ విన్న జనం మనవాళ్ళు. వాళ్ళ చెవిని తక్కువ అంచనా వెయ్యొద్దు.

మరాఠీలో నాగరాజ్ మంజులే 2013లో తీసిన 'ఫండ్రీ' చూడండి. పందులు పట్టే కుటుంబం పంది వెంట పరుగెడుతూ ఉంటుంది. ఇంతలో బడిలోంచి జనగణమన వినపడుతుంది. అంతే, పిల్లవాడు నిలబడిపోతాడు, ఇంటిల్లిపాదీ నిలబడిపోతారు. పంది మాత్రం తన దారిన తాను పోతుంది. అక్కడ డైలాగు లేదు, ఉపన్యాసం లేదు. పక్కనుంచి వచ్చిన ఒక్క శబ్దం ఈ దేశం మనకేమిచ్చిందో మొత్తం చెప్పేసింది. ఆ శబ్దం సరిగ్గా వినపడకపోతే ఆ సీను ఉందా? నిప్పు కథలోనే ఉండదు, చెవిలో కూడా ఉంటుంది.

ఇంకొందరు "డబ్బేదీ?" అంటారు. డబ్బు జనం దగ్గరుంది. 1976లో శ్యామ్ బెనగళ్ 'మంథన్' సినిమాకు గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది మనిషికి 2 రూపాయలిచ్చారు. 1986లో జాన్ అబ్రహాం 'అమ్మ అరియాన్'కు ఒడెస్సా బృందం కేరళలో జనం దగ్గర చందా పోగుచేసింది. మన జనం కూడా ఇస్తున్నారు. తేడా అల్లా ఖర్చు పెట్టే వరసలో ఉంది. డబ్బు మొత్తం కెమెరాకూ, లెన్సులకూ, భోజనాలకూ పోతోంది. శబ్దం దగ్గరికొచ్చేసరికి జేబు ఖాళీ. ఖాళీ జేబుతో స్టూడియో గడప తొక్కినవాడు ఏ షరతుకైనా తల ఊపుతాడు. మన గొంతు అమ్ముడుపోయేది ఆ గడప మీదే.

మూడు లక్షల సినిమా అనుకుందాం. లక్ష రూపాయలు మొదటి రోజే విడిగా వెయ్యండి. మైకుల అద్దె, సౌండ్ మనిషి కూలి, మాటల ఎడిటింగ్, ఎఫెక్ట్స్, మిక్సింగ్, థియేటర్లో వెయ్యడానికి డి.సి.పి., సెన్సార్ ఖర్చు అందులోంచే. ఇద్దరు ముగ్గురు సంతకాలు పెడితేగాని ఆ డబ్బు కదలకూడదు. డబ్బు చాలకపోతే షూటింగు రోజులు తగ్గించండి, సీన్లు తగ్గించండి, ఆ లక్ష మాత్రం ముట్టుకోవద్దు.

పని వరస ఇదీ

ప్రతి చోటా షాటు అయ్యాక అందర్నీ ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబెట్టి ఆ చోటి నిశ్శబ్దం పట్టండి. గుడిసె నిశ్శబ్దం వేరు, పొలం నిశ్శబ్దం వేరు. మాటల మధ్య అతుకులు కనపడకుండా కప్పేది అదే. సాయంత్రం పడుకోబోయే ముందు శబ్దం ఫైళ్ళు రెండు డిస్కుల్లోకి ఎక్కించండి, రెండూ ఒకే ఇంట్లో పెట్టొద్దు.

ఎడిటింగ్ ఖరారు కాకుండా సౌండ్ మొదలుపెట్టొద్దు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. లాక్ చేశాక ఒక షాటులో 12 ఫ్రేములు కోస్తే అక్కణ్ణుంచి మాట, అడుగు చప్పుడు, డప్పు అన్నీ అర సెకను పక్కకు పోతాయి. చేసిన పనంతా మళ్ళీ చెయ్యాలి.

ముందు మాట సరిచెయ్యండి. తప్పనిసరై డబ్బింగ్ చెప్పించాల్సి వస్తే నటించిన మనిషే చెప్పాలి. అవ్వ పట్నం రాలేకపోతే మైకు అవ్వ దగ్గరికి పోవాలి. బొంతలు కట్టిన గది చాలు. తర్వాత ఎఫెక్ట్స్. కొడవలి కోత, తోలు మీద ఆరె దిగే చప్పుడు, బిందె నిండే చప్పుడు మన ఇళ్ళల్లోనే పట్టండి, పని తెలిసిన చేతులతోనే చేయించండి. సంగీతం చివర. తప్పుల్ని కప్పిపుచ్చడానికి సంగీతం పొయ్యొద్దు.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా దొరికే రూపంలోనే ఫెయిర్‌లైట్ అనే సౌండ్ విభాగం ఉంది. డి.సి.పి. చెయ్యడానికి డీసీపీ-ఓ-మ్యాటిక్ ఉచితం. మాటల పని, ఎఫెక్ట్స్ పని ఊళ్ళో గదిలో మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని చెయ్యొచ్చు. చివరి మిక్సింగ్ మాత్రం థియేటర్ కొలతకు సరిచేసిన గదిలోనే చెయ్యాలి. అంతా సిద్ధం చేసుకుని పోతే అక్కడ ఎక్కువ రోజులు పట్టదు, షరతులూ మనమే పెడతాం.

మిక్సింగ్ అయ్యాక మాట, సంగీతం, ఎఫెక్ట్స్ మూడూ వేరువేరు ట్రాకులుగా రాయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. ఇది మరిచిపోవద్దు. 2025లో జోతీబా ఫూలే మీద వచ్చిన హిందీ సినిమా 'ఫూలే'లో కులం పేర్లు, మనువు ప్రస్తావన మార్చమని సెన్సార్ బోర్డు అడిగిందని పత్రికలు రాశాయి. విడుదల ఏప్రిల్ 11 నుంచి 25కు జరిగింది. మన సినిమాకూ ఆ కత్తెర రావచ్చు. దాంతో కొట్లాడాల్సిందే. కానీ ఒక మాట ఆపాల్సే వస్తే, ట్రాకులు వేరుగా ఉన్నప్పుడు ఆ ఒక్క మాటే ఆగుతుంది. వెనక డప్పు మోగుతూనే ఉంటుంది. అన్నీ కలిసిపోయి ఉంటే మాటతోపాటు డప్పూ చచ్చిపోతుంది. రేపు తమిళంలోకో మరాఠీలోకో ఈ సినిమాను తీసుకుపోవాలన్నా ఆ మూడు ట్రాకులే దిక్కు.

ఉద్యమం పేరుతో వెట్టి వద్దు

చేదైనా ఇంకో మాట చెప్పాలి. మనలో పని తెలిసిన పిల్లలు లేకపోలేదు. స్టూడియోల్లో అసిస్టెంట్లుగా రాత్రిళ్ళు పనిచేసేవాళ్ళున్నారు, పెళ్ళిళ్ళలో సౌండ్ బాక్సులు మోసేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గరికి పోయి, "తమ్ముడూ, ఇది మన సినిమా, ఊరికే చేసిపెట్టు" అంటున్నారు. హీరోకు కారు, కెమెరామన్‌కు గది, సౌండ్ కుర్రాడికి జై భీమ్! నెల రోజులు నిద్రలేకుండా చేయించుకుని చివరికి పేరు కూడా వెయ్యకపోతే దాన్ని ఏమంటారు? దొర చేస్తే వెట్టి, మనం చేస్తే ఉద్యమమా? కూలి ఎంతో ముందే కాగితం మీద రాయండి. ఇవ్వగలిగింది తక్కువైతే తక్కువే రాయండి, కానీ ఇవ్వండి. పేరు తెర మీద వెయ్యండి. మన ఆడపిల్లల చేతికి మైకు ఇవ్వండి, రికార్డర్ ఇవ్వండి. టీలు అందించడానికి మాత్రం పిలవొద్దు.

అన్నలూ, అక్కలూ! రేపు మీ వాడకు సినిమా చందా కోసం ఎవరైనా వస్తే ఇవ్వండి, ముందు నాలుగు ప్రశ్నలడగండి. శబ్దం డబ్బు ఎక్కడ దాచారు? సౌండ్ మనిషి ఎవరు, కూలి ఎంత? మా మాట మేమే మాట్లాడతామా, ఇంకెవరి చేతైనా మాట్లాడిస్తారా? అయిపోయిన సినిమా మొదట ఎక్కడ వేస్తారు? నాలుగిటికీ జవాబుంటే వంద అడిగిన చోట రెండొందలివ్వండి. జవాబు లేకపోతే టీ ఇచ్చి పంపండి, జవాబుతో రమ్మనండి.

మనల్ని ఇన్నాళ్ళూ తెర మీద చూపించారు, మాట్లాడనియ్యలేదు. ఇప్పుడు కెమెరా మన చేతికొచ్చింది. మైకు కూడా మన చేతిలోనే ఉండాలి.